ఎడమ షిఫ్ట్ ఇంగ్లీషుకు, కుడి షిఫ్ట్ తెలుగుకు: నా కీబోర్డు మార్పుల డైరీ

మొదటి రోజు

పొద్దున పని మొదలుపెట్టే ముందు కీబోర్డు పక్కన ఒక చిన్న కాగితం పెట్టుకున్నా. తప్పు లేఅవుట్‌లో (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరికలో) టైప్ చేయడం మొదలుపెట్టిన ప్రతిసారీ దాని మీద ఒక గీత. మధ్యాహ్నానికి 17 గీతలయ్యాయి. ప్రతి గీత వెనకా జరిగింది ఒకటే: తెలుగులో ఉన్నాననుకుని గబగబా ఒక మాట కొడతాను, తలెత్తి చూస్తే తెర మీద పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, వాటిని చెరిపి, లేఅవుట్ మార్చి, మళ్ళీ కొట్టేలోపు రాద్దామనుకున్న వాక్యం సగం జారిపోతుంది. చెరపడానికి పట్టే రెండు సెకన్లు పెద్ద లెక్క కాదు, ఆలోచన తెగిపోవడమే బాధ. ఒకే తప్పు పూటకు ఇన్నిసార్లు జరుగుతోందంటే అది అజాగ్రత్త కాదు, ఏర్పాటులోనే తేడా ఉంది. దాన్ని సరిచేయడమే ఈ ప్రాజెక్టు.

ముందు నా పరిస్థితి రాసుకుంటా. ప్రోగ్రాములు ఇంగ్లీషులో, వాటి గురించి రాసే వివరణలు తెలుగులో, ఒకే పేరాలో రెండూ కలిసే సందర్భాలే ఎక్కువ. కంప్యూటర్‌లో లినక్స్, దాని మీద కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్, విండోలను తెర మీద చూపించే పని వేలాండ్ అనే కొత్త పద్ధతిది (పాత పద్ధతి పేరు ఎక్స్). తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వాడతాను. ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే పద్ధతులు నేర్చుకోవడం తేలికే, కానీ వాటికి మధ్యలో ఒక ఇన్‌పుట్ మెథడ్ ప్రోగ్రాం ఉండాలి, ఆ ప్రోగ్రాంకు సొంత స్విచింగ్ కీలుంటాయి, అవీ డెస్క్‌టాప్ స్విచింగ్ కీలూ ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ తంటా లేదు, కీ నొక్కితే యూనికోడ్ గుర్తు వస్తుంది, అంతే. "కీబోర్డు" అని రాయాలంటే కె, ఆర్, వై, ఏ, జే, డీ, ఎడమ చదరపు బ్రాకెట్, జీ. ఎనిమిది కీలు, ఎనిమిది గుర్తులు. 1986లో ఒక రూపానికి వచ్చి, 1991లో ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలోకి ఎక్కిన ఈ లేఅవుట్‌లో గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. పొల్లు డీ కీ మీద ఉంటుంది, అంటే ఎడమ మధ్యవేలు మామూలుగా ఆనుకుని ఉండే చోట. ఒత్తు రాసిన ప్రతిసారీ పొల్లు కావాలి కదా, దాన్ని అక్కడ పెట్టినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

కాబట్టి లేఅవుట్‌తో నాకు పేచీ లేదు. పేచీ అంతా మారే చోటే.

రెండో రోజు

ఇన్నేళ్ళుగా క్యాప్స్ లాక్‌ని టాగుల్‌గా వాడుతున్నా. ఒకసారి నొక్కితే తెలుగు, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు. దానికి ముందు ఆల్ట్ షిఫ్ట్ ఉండేది. ఆల్ట్ షిఫ్ట్ ట్యాబ్‌తో విండోలు వెనక్కి తిప్పబోతే లేఅవుట్ కూడా మారిపోతోందని దాన్ని మానేశా. సూపర్ (విండోస్ గుర్తుండే కీ) స్పేస్ కూడా కొన్నాళ్ళు నడిచింది.

ఈరోజు కూర్చుని ఆలోచిస్తే వీటన్నిటిలో ఉన్న లోపం ఒకటేనని తేలింది. టాగుల్ కీ "మార్చు" అని చెబుతుంది, "దేనికి" అన్నది చెప్పదు. కాబట్టి నొక్కే ముందు ఇప్పుడు ఎక్కడున్నానో నాకు తెలిసి ఉండాలి. తెలియాలంటే తెర మూలన ఉన్న గుర్తు చూడాలి, లేదా గుర్తుపెట్టుకోవాలి. ఫోన్ మాట్లాడి వచ్చాక, వేరే విండోలో ఏదో చదివి వచ్చాక ఎవరికి గుర్తుంటుంది?

ల్యారీ టెస్లర్ గుర్తొచ్చాడు. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపం ఇచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. ఒకే కీ ఒక్కోసారి ఒక్కో పని చేసే "మోడ్" అనేదే ఉండకూడదని జీవితాంతం వాదించాడు, తన కారు నంబర్ ప్లేటు మీద కూడా "నో మోడ్స్" అని వేయించుకున్నాడు. రెండు లిపులు రాసేవాడికి మోడ్ లేకుండా కుదరదు, అది నిజమే. కానీ ఏ మోడ్‌లో ఉన్నానో తెలుసుకోవాల్సిన అవసరం తీసేయొచ్చు. ఇంగ్లీషుకు ఒక కీ, తెలుగుకు ఒక కీ ఉంటే చాలు. ఇప్పటికే తెలుగులో ఉండి తెలుగు కీ నొక్కితే ఏమీ కాదు. అనుమానం వస్తే తలెత్తి చూడక్కర్లేదు, నొక్కేయడమే.

అనుకున్నది ఇది. ఇక ఏ కీలు?

మూడో రోజు

పాత అలవాటు కొద్దీ ముందు టెర్మినల్ తెరిచి, లేఅవుట్లు మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్ కొట్టా. కొన్ని పాత ప్రోగ్రాముల్లో మార్పు కనిపించింది, మిగతా విండోల్లో ఏమీ లేదు. అరగంట తిరిగాక అర్థమైంది, వేలాండ్ సెషన్‌లో ఆ కమాండ్ ఎక్స్‌వేలాండ్ కింద నడిచే (అంటే ఎక్స్ కోసం రాసిన పాత) ప్రోగ్రాముల వరకే పనిచేస్తుంది, అసలు కీబోర్డు సెట్టింగ్ విండోలను తెర మీద కూర్చే కాంపోజిటర్ అనే ప్రోగ్రాం చేతిలో ఉంటుంది. పాత ఎక్స్ సెషన్‌లో కూడా ఆ కమాండ్‌తో పెట్టినవి యూఎస్‌బీ కీబోర్డు పీకి మళ్ళీ పెడితే పోయేవి. ఇకనుంచి ఏది మార్చినా ప్లాస్మా సెట్టింగ్స్‌లోనే, లేదా దాని ఫైల్లోనే.

ప్లాస్మాలో ఇంకొకటి ప్రయత్నించా. స్విచింగ్ పాలసీ అని నాలుగు ఎంపికలుంటాయి: మొత్తానికి ఒకటే, డెస్క్‌టాప్‌కొకటి, అప్లికేషన్‌కొకటి, విండోకొకటి. విండోకొకటి పెడితే టెర్మినల్ ఎప్పుడూ ఇంగ్లీషులో, రాసే విండో ఎప్పుడూ తెలుగులో ఉండిపోతాయి కదా అని ఆశ. ఒక పూటే వాడా. ఒక్క స్థితి గుర్తుపెట్టుకోలేకే ఇదంతా మొదలుపెడితే, ఇప్పుడు ఎన్ని విండోలుంటే అన్ని స్థితులు అయ్యాయి. మొత్తానికి ఒకటే అన్నదానికి తిరిగొచ్చేశా.

నాలుగో రోజు

కీల ఎంపిక తేలింది: షిఫ్ట్‌లు. ఎడమ షిఫ్ట్‌ని ఊరికే తట్టి వదిలితే ఇంగ్లీషు, కుడి షిఫ్ట్‌ని తట్టి వదిలితే తెలుగు, పట్టుకుని ఇంకో కీ నొక్కితే ఎప్పటిలా షిఫ్ట్. రెండూ పెద్ద కీలు, చిటికెన వేళ్ళ కిందే ఉన్నాయి, ఒంటరిగా తడితే ఇప్పటిదాకా ఏ పనీ చేయడం లేదు.

ఇలా తట్టడానికీ పట్టుకోవడానికీ తేడా చూపించాలంటే డెస్క్‌టాప్ సెట్టింగ్స్ చాలవు, కీడీ అనే చిన్న ప్రోగ్రాం పెట్టా. ఇది కీబోర్డుకూ డెస్క్‌టాప్‌కూ మధ్యలో కూర్చుంటుంది. అసలు కీబోర్డు నుంచి వచ్చే నొక్కుళ్ళు తను తీసుకుని, మనం చెప్పినట్టు మార్చి, ఒక ఊహాత్మక కీబోర్డు నుంచి వచ్చినట్టుగా పైకి పంపిస్తుంది. ఎక్స్ అయినా వేలాండ్ అయినా, చివరికి గ్రాఫిక్స్ లేని నల్ల తెర అయినా తేడా లేదు. దీంట్లో ఓవర్‌లోడ్ అనే మాట ఉంది, దానికి రెండు సంగతులు చెప్పాలి: పట్టుకుంటే ఏం కావాలి, తడితే ఏం కావాలి.

పట్టుకుంటే షిఫ్ట్. మరి తడితే? మామూలు కీబోర్డులో లేని ఎఫ్13, ఎఫ్14 పంపిస్తే ఎవరికీ అడ్డం రావు కదా అని అవే పెట్టా. ప్లాస్మాలో ప్రతి లేఅవుట్ పక్కన దాని సొంత షార్ట్‌కట్ పెట్టుకునే గడి ఉంటుంది, అక్కడికి వెళ్ళి ఎడమ షిఫ్ట్ తట్టా. గడిలో ఎఫ్13 అని పడుతుందనుకుంటే "టూల్స్" అని పడింది. పైగా ఆ షార్ట్‌కట్ ఇప్పటికే వేరేవాళ్ళ దగ్గర ఉందన్న హెచ్చరిక. ఆ విండో మూసేసి ఇంకోసారి తడితే సిస్టమ్ సెట్టింగ్స్ తెరుచుకుంది. కారణం వెతికితే దొరికింది: లినక్స్‌లో ఏ కీ ఏ గుర్తో చెప్పే ఎక్స్‌కేబీ వ్యవస్థ పట్టికలో ఎఫ్13 అనేది మామూలుగా "టూల్స్" అనే మల్టీమీడియా కీగా నమోదై ఉంటుంది, ప్లాస్మా ఆ కీని సిస్టమ్ సెట్టింగ్స్‌కు ఇచ్చేసుకుంది. ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా మామూలు ఫంక్షన్ కీలుగా చూడమని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. అది పెడితే అయిపోయేదే. కానీ రాత్రి పడుకునే ముందు ఇంకో దారి తట్టింది.

అయిదో రోజు

ఆ దారి ఇది. ఎక్స్‌కేబీలో "క్యాప్స్ లాక్ మొదటి లేఅవుట్‌కు, షిఫ్ట్ క్యాప్స్ లాక్ రెండో లేఅవుట్‌కు" అనే ఆప్షన్ ముందునుంచే ఉంది. నేను కోరుకునేది సరిగ్గా అదే, మార్చు అనకుండా దేనికి మార్చాలో చెప్పే కీలు. క్యాప్స్ లాక్ కీ మాత్రం నాకు కంట్రోల్‌గా కావాలి. అయితే కీడీ మధ్యలో ఉంది కాబట్టి చేతి కింద ఉన్న క్యాప్స్ లాక్ కీ వేరు, డెస్క్‌టాప్‌కు చేరే క్యాప్స్ లాక్ సంకేతం వేరు. రెంటినీ విడదీయొచ్చు!

ఇప్పుడు ఫైల్లో ఉన్నవి మూడే మూడు వరుసలు. క్యాప్స్ లాక్ కీ పట్టుకుంటే కంట్రోల్, తడితే ఎస్కేప్. ఎడమ షిఫ్ట్ పట్టుకుంటే షిఫ్ట్, తడితే క్యాప్స్ లాక్ సంకేతం. కుడి షిఫ్ట్ పట్టుకుంటే షిఫ్ట్, తడితే షిఫ్ట్ క్యాప్స్ లాక్ సంకేతం. పైన ప్లాస్మాలో ఆ ఒక్క ఆప్షన్‌కు టిక్, లేఅవుట్ల జాబితాలో ఇంగ్లీషు మొదట, తెలుగు రెండోది. కీడీ రీలోడ్ చేసి కుడి షిఫ్ట్ తట్టా, మూలన గుర్తు తెలుగుకు మారింది. మళ్ళీ తట్టా, తెలుగులోనే ఉంది. ఎడమది తడితే ఇంగ్లీషు. కాసేపు ఏమీ రాయకుండా కుడి ఎడమ, కుడి ఎడమ అని తడుతూనే కూర్చున్నా, అంత సంతోషం వేసింది.

దీంట్లో ఇంకో లాభం ఉంది. మార్పు జరిగేది కీమ్యాప్ (ఏ కీకి ఏ గుర్తో ఉండే పట్టిక) లోపలే కాబట్టి డెస్క్‌టాప్ షార్ట్‌కట్ల మీద ఆధారపడటం లేదు. తెర లాక్ చేసి చూశా, అక్కడా పనిచేస్తోంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి, ఏ భాషలో కొడుతున్నామో తెలియదు, మూడుసార్లు తప్పు కొట్టి టెన్షన్ పడిన రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ముందు ఎడమ షిఫ్ట్ తట్టి, తర్వాత పాస్‌వర్డ్.

ఏడో రోజు

కీడీ ఎలాగూ ఉంది కదా అని కుడి కంట్రోల్ మీద ఒక కొత్త లేయర్ పెట్టా. దాన్ని పట్టుకుంటే హెచ్, జే, కె, ఎల్ బాణాల కీలవుతాయి, కింద పక్కనే హోమ్, ఎండ్. చేతులు మధ్య వరస వదలక్కర్లేదు. తెలుగులో రాసేటప్పుడు కూడా ఇది అలాగే పనిచేస్తుంది, ఎందుకంటే కీడీకి కనపడేది కీ స్థానమే, పైన ఏ లేఅవుట్ ఉందో దానికి తెలియదు.

అయితే ఫైల్లో లేయర్ అని రాయాల్సిన చోట టాగుల్ అని రాసేశా. లేయర్ అంటే పట్టుకున్నంతసేపే, టాగుల్ అంటే ఒకసారి నొక్కితే ఇక అందులోనే. పైగా ఆ లేయర్ లోపల కుడి కంట్రోల్‌కే వేరే పని ఇచ్చి ఉంచా, దాంతో బయటికి రావడానికి కీ లేకుండా పోయింది. నొక్కుతుంటే అక్షరాలకు బదులు కర్సర్ అటూ ఇటూ పరిగెడుతోంది, ఫైల్ సరిదిద్దుదామంటే టైప్ చేయలేను. గుండె జారింది. కీడీ మాన్యువల్లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది: బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే కీడీ ఆగిపోతుంది. నొక్కా, ఆగింది, కీబోర్డు మామూలుగా అయింది, సరిదిద్దుకున్నా. ఇలాంటి ప్రోగ్రాం పెట్టుకునేవాళ్ళు మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఈ మూడు కీలే. కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకున్నా.

ఇక్కడ కూడా ఇబ్బంది పెట్టింది టాగులే, గమనించారా.

తొమ్మిదో రోజు

ఒక చిన్న తేడా రెండు రోజులుగా కనిపిస్తోంది. తెలుగులో రాస్తూ, ఒక పేరా మొదట్లో మౌస్‌తో క్లిక్ చేసి, చివర్లో షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసి మొత్తం సెలెక్ట్ చేస్తాను, ఆ వెంటనే టైప్ చేస్తే ఇంగ్లీషు పడుతోంది. కారణం తేలికే. కీడీ కీబోర్డునే చూస్తోంది, మౌస్‌ని కాదు. షిఫ్ట్ నొక్కి వదిలిన మధ్యలో ఏ కీ పడలేదు కాబట్టి దాని లెక్కలో అది తట్టడమే.

దీనికి కీడీలోనే మందు ఉంది. ఓవర్‌లోడ్ తట్టుకు గడువు పెట్టొచ్చు, ఆ గడువు దాటి పట్టుకుంటే వదిలినప్పుడు ఏమీ పంపదు. 200 మిల్లీసెకన్లు పెట్టా. కావాలని తట్టేటప్పుడు నా వేలు అంతకంటే చాలా ముందే లేస్తుంది, షిఫ్ట్ క్లిక్‌కు అంతకంటే ఎక్కువ సేపే పట్టుకుంటాను. పెద్దక్షరం కొడదామని షిఫ్ట్ నొక్కి, మనసు మార్చుకుని వదిలేసే సందర్భం కూడా దీంతోనే తీరిపోయింది. ముందు 120తో మొదలుపెడితే అలసిపోయిన సాయంత్రాల్లో తట్టు అందడం లేదు, 200 దగ్గర కుదిరింది. ఇది ఎవరి వేళ్ళను బట్టి వాళ్ళు చూసుకోవాల్సిన అంకె.

పన్నెండో రోజు

ఈ రోజంతా ఒక కనిపించని అక్షరంతో గడిచింది.

తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసేవాళ్ళందరికీ ఇది తెలిసిన బాధే. సాఫ్ట్వేర్ అని ఉన్నదున్నట్టు కొడితే వకారం కూడా ఒత్తుగా మారి ఫ కింద చేరుతుంది, కింద రెండు ఒత్తుల కుప్ప, పైన ఏత్వం, చదివేవాడు ఒక్క క్షణం ఆగిపోతాడు. సాఫ్ట్‌వేర్ అని విడిగా రావాలంటే ట్ తర్వాత, వే ముందు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పడాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, "ఇక్కడ కలపొద్దు" అని చెప్పడమే దాని పని. ఈ డైరీలోనే ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఇన్నాళ్ళూ దాన్ని ఒక ఫైల్లో దాచుకుని కాపీ చేసి అతికిస్తున్నా, లేదా విసుగొస్తే వదిలేస్తున్నా.

ఎక్స్‌కేబీ ఆప్షన్లలో స్పేస్ కీ రెండో స్థాయిలో ఈ గుర్తు పెట్టేది ఒకటి ఉంది, అంటే షిఫ్ట్ స్పేస్ కొడితే అది పడుతుంది. పారశీక భాష రాసేవాళ్ళ ప్రామాణిక లేఅవుట్‌లో కూడా ఇది షిఫ్ట్ స్పేస్ మీదే ఉంటుంది, వాళ్ళకు ఒకే మాటలోని భాగాల మధ్య సగం ఖాళీకి ఇదే కావాలి. టిక్ పెట్టా. సాఫ్ట్, షిఫ్ట్ స్పేస్, వేర్. హాయిగా వచ్చింది. ఫేస్‌బుక్, హార్డ్‌వేర్, షార్ట్‌కట్ అని వరసగా కొట్టి చూసుకున్నా.

పధ్నాలుగో రోజు

టెర్మినల్‌లో రోజూ కొట్టే కమాండే. ఒక జాబితా తీసి, నిలువు గీత పెట్టి, దాన్ని మాటలు వెతికే గ్రెప్‌కు పంపడం. కమాండ్ దొరకలేదంది. అక్షరం అక్షరం చూశా, తప్పు లేదు. చెరిపి మళ్ళీ కొట్టా, పనిచేసింది. ఇంకో పది నిమిషాలకు మళ్ళీ అదే.

పనిచేయని వరసను ఒక ఫైల్లో పెట్టి హెక్స్‌లో, అంటే బైట్ల అంకెల్లో చూస్తే నిలువు గీతకూ గ్రెప్‌కూ మధ్య మూడు బైట్లు: ఈ2, 80, 8సీ. యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అవి 200సీకి గుర్తు. నిలువు గీతకు షిఫ్ట్ కావాలి, ఆ వేగంలో షిఫ్ట్ పూర్తిగా వదలకముందే స్పేస్ కొడుతున్నా, స్పేస్‌కు బదులు కనిపించని గుర్తు పడుతోంది. స్పేస్ కీ రెండు లేఅవుట్లకూ ఒకటే కాబట్టి తెలుగు కోసం పెట్టిన ఆప్షన్ ఇంగ్లీషులో కూడా పనిచేస్తోందన్నమాట. ఇది ఒక ఫైల్ పేరులోనో, ప్రోగ్రాం మధ్యలోనో పడి ఉంటే ఎన్ని గంటలు వెతికేవాణ్ణో.

వెంటనే ఆ ఆప్షన్ తీసేసి, దాని పక్కనే ఉన్న ఇంకోదానికి మారా. అందులో ఈ గుర్తు మూడో స్థాయిలో, "ఇక్కడ కలుపు" అని చెప్పే జీరో విడ్త్ జాయినర్ నాలుగో స్థాయిలో ఉంటాయి. మూడో స్థాయికి కుడి ఆల్ట్‌ని వాడమని ఇంకో టిక్. ఇప్పుడు కుడి ఆల్ట్ స్పేస్ కొడితేనే అది పడుతుంది, పొరపాటున పడే దారి లేదు. కుడి బొటనవేలు ఆల్ట్ మీదకు, ఎడమ బొటనవేలు స్పేస్ మీదకు. రెండు రోజుల్లో చేయి తిరుగుతుంది. గత రెండు రోజుల్లో రాసిన ఫైళ్ళన్నిటిలో ఆ మూడు బైట్లను వెతికి, తెలుగు అక్షరాల మధ్య లేనివాటిని తీసేశా.

పదిహేడో రోజు

ఇన్‌స్క్రిప్ట్‌లో నాకున్న ఒకే ఒక ఫిర్యాదు విరామ చిహ్నాలు. సెమీకోలన్ కీ మీద చ, దాని షిఫ్ట్‌లో ఛ, కోట్ కీ మీద ట, షిఫ్ట్‌లో ఠ, ఎడమ బ్రాకెట్ మీద డ, షిఫ్ట్‌లో ఢ. అక్షరాలకు చోటు కావాలి కాబట్టి అది న్యాయమే, కానీ ఒక మాటను కోట్స్‌లో పెట్టాలంటే ఇంగ్లీషుకు వెళ్ళి ఒక గుర్తు, తిరిగొచ్చి మాట, మళ్ళీ వెళ్ళి ఇంకో గుర్తు. మొదటి రోజు కాగితం మీద గీతల్లో సగం ఇక్కడ పడినవే.

కుడి ఆల్ట్ ఎలాగూ మూడో స్థాయి అయింది కాబట్టి అదే కీల మీద, కుడి ఆల్ట్‌తో కలిపి, ఇంగ్లీషులో ఉండే గుర్తులనే పెడితే కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు. దానికి సొంత లేఅవుట్ రాయాలి. వ్యవస్థ ఫోల్డర్లో ఉన్న అసలు ఫైల్ మార్చకూడదు, తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది. హోమ్ ఫోల్డర్లో డాట్ కాన్ఫిగ్ లోపల ఎక్స్‌కేబీ, దాని లోపల సింబల్స్ అని ఫోల్డర్ పెట్టుకుని అక్కడ రాస్తే వేలాండ్ కాంపోజిటర్లు వాడే లైబ్రరీ దాన్ని కూడా చదువుతుంది. నా ఫైల్ చాలా చిన్నది. మొదటి వరసలో ఇప్పుడున్న తెలుగు లేఅవుట్‌ని మొత్తంగా ఇముడ్చుకుని, కింద నాలుగు కీలకు మాత్రం మూడో, నాలుగో స్థాయిలు చేర్చా. కుడి ఆల్ట్ కోట్ కీకి సింగిల్ కోట్, షిఫ్ట్ కూడా కలిపితే డబుల్ కోట్. సెమీకోలన్, కోలన్ అలాగే. బ్రాకెట్లు అలాగే. ప్లాస్మా జాబితాలో నా లేఅవుట్ పేరు కనిపించదు కాబట్టి దాని కీబోర్డు సెట్టింగ్స్ ఫైల్లో పేరు చేత్తో రాశా.

ఒక జాగ్రత్త. రాసిన ఫైల్‌ని నేరుగా వాడకుండా ఎక్స్‌కేబీసీఎల్ఐ అనే పరికరంతో ముందు కీమ్యాప్ కంపైల్ చేసి చూడటం మంచిది. మొదటి రెండుసార్లూ తప్పు చూపించింది, రెండుసార్లూ వరస చివర సెమీకోలన్ మర్చిపోవడమే. ఇక్కడ బయటపడింది కాబట్టి సరిపోయింది, లాగిన్ అయ్యాక బయటపడితే మళ్ళీ ఏడో రోజు కథే.

ఇరవయ్యో రోజు

తెలుగులో ఉండగా కంట్రోల్ సీ నొక్కితే ఏం జరగాలి? ఆ స్థానంలో ఉన్నది మ. కంట్రోల్ మ అనే షార్ట్‌కట్ ఏ ప్రోగ్రాంలోనూ ఉండదు. ఇప్పటి ప్రోగ్రాములు చాలావరకు లేఅవుట్ల జాబితాలో ఇంకేదైనా లాటిన్ లేఅవుట్ ఉందా అని చూసి, ఆ కీకి అక్కడ సీ ఉంటే దాన్నే తీసుకుంటాయి, అందుకే ఇంగ్లీషు లేఅవుట్ జాబితాలో ఉంచడం, మొదట ఉంచడం ముఖ్యం. కానీ అన్నీ అలా చేయవు, నా దగ్గర రెండు ప్రోగ్రాముల్లో తెలుగులో ఉండగా కాపీ పేస్ట్ కదలదు.

దీనికి జవాబు పాత కీల్లోనే ఉంది. కంట్రోల్ ఇన్సర్ట్ అంటే కాపీ, షిఫ్ట్ ఇన్సర్ట్ అంటే పేస్ట్, షిఫ్ట్ డిలీట్ అంటే కట్. వీటిలో అక్షరమే లేదు, కాబట్టి ఏ లేఅవుట్‌లో ఉన్నా తేడా రాదు. కుడి కంట్రోల్ లేయర్లో సీ, వీ, ఎక్స్ స్థానాలకు ఈ మూడింటినీ ఇచ్చేశా. చేయి కదిలేది పాత చోటుకే, వెళ్ళే సంకేతం మాత్రం వేరు. ఆ రెండు ప్రోగ్రాముల్లోనూ పనిచేస్తోంది.

విమ్ అనే ఎడిటర్ సంగతి వేరు. అక్కడ టైప్ చేసే ఇన్సర్ట్ మోడ్ నుంచి బయటికి రాగానే ప్రతి అక్షరమూ ఒక కమాండ్, తెలుగులో ఉంటే ఏదీ నడవదు. ప్లాస్మా తన లేఅవుట్ మార్చే సేవను, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ ద్వారా బయటికి ఇస్తుంది, దానికి సున్నా అని పంపితే జాబితాలో మొదటిది, అంటే ఇంగ్లీషు వస్తుంది. ఇన్సర్ట్ మోడ్ వదిలినప్పుడు నడిచే ఆటోకమాండ్‌లో ఆ ఒక్క పిలుపు పెట్టా. మళ్ళీ ఇన్సర్ట్‌లోకి వెళ్ళగానే ఇంతకుముందు ఏ భాషలో ఉన్నానో దానికే తిప్పేలా కూడా రాయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు, నేను రాయలేదు. అలా చేస్తే ఇన్సర్ట్‌లోకి వెళ్ళినప్పుడు ఏది వస్తుందో మళ్ళీ గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడైతే బయటికి వస్తే ఎప్పుడూ ఇంగ్లీషే, తెలుగు కావాలంటే కుడి షిఫ్ట్.

ఇరవై మూడో రోజు

పనిచేసే చోట ఉన్నది విండోస్ కంప్యూటర్, అందులో కొత్త ప్రోగ్రాములు పెట్టుకునే వీల్లేదు. షిఫ్ట్ తట్టడం అక్కడ కుదరదు, కానీ అసలు ఆలోచన కుదిరింది. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని పాత విండో ఒకటి ఇంకా ఉంది. అందులో భాషల మధ్య తిరిగే టాగుల్‌తో పాటు ప్రతి భాషకూ విడిగా కీ పెట్టుకోవచ్చు. ఎడమ ఆల్ట్ షిఫ్ట్ 1 ఇంగ్లీషుకు, ఎడమ ఆల్ట్ షిఫ్ట్ 2 తెలుగుకు పెట్టి, టాగుల్ కీని "ఏదీ వద్దు" అని మార్చేశా. మూడు వేళ్ళు పడతాయి, షిఫ్ట్ తట్టినంత సుఖం లేదు. అయినా చూడకుండా నొక్కొచ్చు, అది చాలు.

ముప్ఫయ్యో రోజు

మళ్ళీ కాగితం పెట్టుకుని కూర్చున్నా. మధ్యాహ్నానికి 2 గీతలు. రెండూ ఒకే రకం: వేరే కంప్యూటర్ మీద గంటసేపు పనిచేసి వచ్చి, ఏ షిఫ్టూ తట్టకుండానే టైప్ మొదలుపెట్టడం. కొత్తగా ఏ గడిలో కర్సర్ పెట్టినా ముందు ఒక షిఫ్ట్ తట్టే అలవాటు ఇంకా పూర్తిగా రాలేదు, వస్తోంది.

మూలన ఉండే భాష గుర్తును ప్యానెల్ నుంచి తీసేశా, దాన్ని చూసి వారం దాటింది. కీడీ ఫైలూ, సొంత లేఅవుట్ ఫైలూ, ప్లాస్మా కీబోర్డు ఫైలూ మూడింటినీ, మార్పుల చరిత్ర దాచే ఒక గిట్ రిపాజిటరీలో పెట్టా. ఇక మిగిలిన పని ఒకటే. కీడీ ఫైల్లో ఏ కీబోర్డుకైనా వర్తించేలా నక్షత్రం గుర్తు పెట్టి ఉంచా, ఇంట్లో వేరేవాళ్ళు తమ కీబోర్డు తగిలించినప్పుడు వాళ్ళ క్యాప్స్ లాక్ కూడా కంట్రోల్ అయిపోతోంది. కీడీ మానిటర్ నడిపితే ప్రతి కీబోర్డుకూ ఒక గుర్తింపు సంఖ్య చూపిస్తుంది, నా కీబోర్డు సంఖ్య రాసుకున్నా, రేపు నక్షత్రం తీసేసి అది పెడతాను.